సిమెంటు పైపులో మా గని

నా చిన్నప్పుడు మా క్వార్టరుకూ పక్క క్వార్టరుకూ మధ్య వాకిట్లో ఉన్న గోడ మనిషి ఎత్తు కూడా లేదు. అయినా దాని మీదుగా ఒక గరిటె కూర గానీ, ఒక చెంబు మజ్జిగ గానీ అటు నుంచి ఇటు వచ్చిన రోజు నాకు గుర్తు లేదు. వచ్చినవన్నీ మాటలే, అవీ మంచివి కావు. గోదావరిఖనిలో బొగ్గుగని కంపెనీ కట్టించిన ఆ క్వార్టర్ల లైన్లలో ఇంటి లోపలి గోడ కూడా రెండు కుటుంబాలకు ఒకటే. మావాళ్ళు బైబిలు వాక్యం రాసి ఉన్న క్యాలెండరు తగిలించడానికి మేకు కొడితే వాళ్ళింట్లో దేవుళ్ళ పటాల మీద సున్నం రాలేది. వాళ్ళు పండగకు కొత్త పటం తగిలిస్తే మా మంచం మీద రాలేది. ఒక మేకు వారం రోజుల పోట్లాటకు సరిపోయేది.

మా బాపు గనిలో టబ్బులు తోసేవాడు. బొగ్గు నింపే ఆ ఇనుప తొట్లను పట్టాల మీద నెట్టి నెట్టి ఆయన భుజాలు బిగుసుకుపోయి ఉండేవి. సంఘంలో ఆయన పెద్ద. ఇంట్లో పరిశుద్ధ గ్రంథం, పాటల పుస్తకం తప్ప మరో పుస్తకం ఉండకూడదని ఆయన కట్టడి. బడి పుస్తకాలు సంచిలో గడప పక్కనే ఉండాలి. కథలంటే అబద్ధాలని, అబద్ధాలకు తండ్రి సాతానని మాకు తెలుసు కదా అని అనేవాడు. ఇది చదివి నేను విశ్వాసం మీద రాళ్ళు వేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నాకు అక్షరాలు నేర్పింది ఆ గ్రంథమే. ఈ వయసులో కూడా పొద్దున లేచి దాన్ని తెరవకుండా నేను చాయ తాగను. కానీ ఆ రోజుల్లో మా ఇంట్లో దేవుని పేరు మీద ఎంత కోపం ఉండేదో నాకు తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు రాయలేను.

గోడకు అవతల పక్కింటి చిన్నమ్మ ఉండేది. ఆమెకు మేమంటే పడదు. మేము పాటలు పాడితే ఆమె గిన్నెలు గట్టిగా తోమేది. మేము మోకరించి ప్రార్థన చేస్తుంటే, వాకిట్లో నిలబడి ఎవరితోనో చెప్పినట్టుగా మాకు వినపడేలా, "మొక్కుడు గూడ గింత లొల్లి జేసుకుంట మొక్కుతరా" అనేది. ఆమెకు ఒక్కతే బిడ్డ. ఆ పిల్లే నా దోస్తు.

మాకు దోస్తీ ఎలా కలిసిందో చెప్పడం కష్టం. కలవకూడదని ఇద్దరిళ్ళలో రోజూ చెప్పడం వల్లనే కలిసిందేమో. నేను వాళ్ళింట్లో అడుగు పెట్టకూడదు, ఆమె మా ఇంట్లో నీళ్ళు తాగకూడదు. అందుకని రెండిళ్ళకూ చెందని చోటు వెతుక్కున్నాం. మా లైను చివర, మురుగు మోరీ కట్టడానికి తెచ్చి ఎందుకో వదిలేసిన పెద్ద సిమెంటు పైపు ఒకటి పడి ఉండేది. మేము అందులో కూర్చుంటే తల తగలదు. ఎండాకాలం కూడా లోపల చల్లగా ఉండేది. మాట్లాడితే గొంతు గుండ్రంగా తిరిగి వచ్చేది.

నా దగ్గర ఒక కథల పుస్తకం ఉండేది. బడిలో పద్యం తప్పు లేకుండా అప్పజెప్పానని ఇచ్చారు. ఇంటికి తీసుకుపోతే దాని గతి ఏమవుతుందో తెలుసు కనుక దాన్ని గోనెపట్టాలో చుట్టి పైపులోనే దాచాను. బడి నుంచి రాగానే ఆమె, నేను లోపలికి దూరేవాళ్ళం. నేను చదివేదాన్ని. ఆమెకు చదవడం ఇంకా సరిగా పట్టుబడలేదు, కానీ వినడంలో ఆమెను మించినవాళ్ళను నేను తర్వాత ఏ కూటంలోనూ చూడలేదు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, చింతపండు చప్పరిస్తూ వినేది. వింటూ వింటూ నన్ను ఆపేది.

"ఆగు. ఆ పిల్ల చెప్పులేసుకున్నదా?"

"రాయలే."

"ఏసుకోకుంటే కాళ్ళు కాలయా? ఏసుకున్నదని చదువు."

నాకు కోపం వచ్చేది. అచ్చులో ఉన్న మాటకు ఒక్క పొల్లు కలపడం గానీ తీసెయ్యడం గానీ మహాపాపమని మా సంఘంలో నేర్పారు. అది ఏ గ్రంథం గురించి చెప్పిన మాటో ఆ వయసులో నాకు తెలియదు. అచ్చయిన ప్రతిదీ అంతే అనుకునేదాన్ని.

ఆ పుస్తకంలో మాకు బాగా నచ్చిన కథ ఒకటి ఉంది. భూమి కింద ఒక ఊరు. అక్కడ ఎప్పుడూ చీకటే. రంగులు ఎలా ఉంటాయో కూడా అక్కడివాళ్ళు మరిచిపోయారు. పైనుంచి ఒక కుమ్మరి పిల్ల కుండలో వెలుతురు పట్టుకుని కిందికి దిగుతుంది. ఊరంతా సంబరపడుతుంది. కానీ ఆమె తిరిగి పైకి వెళ్తే వెలుతురు కూడా వెళ్ళిపోతుంది. అందుకని ఆ పిల్ల అక్కడే ఉండిపోతుంది. చివరి బొమ్మలో పైకి పోయే దారి తలుపు మూసుకుంటూ ఉంటుంది. నాకు ఆ ముగింపు గొప్పగా అనిపించింది. సంఘంలో వినే త్యాగాల కథల్లాగే ఉంది. నా దోస్తుకు మాత్రం మండిపోయింది.

"ఎందుకుంటది? వాళ్ళ అవ్వ ఎదురుసూడదా?"

"పుస్తకంల గట్లనే ఉన్నది."

"పుస్తకం రాసినాయినకు లాంప్ రూం తెల్వది," అన్నది ఆమె.

మా ఆట అక్కడ పుట్టింది. మా దగ్గర గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఉండేది. దిగేముందు లాంప్ రూంలో బిళ్ళ ఇచ్చి, తలకు కట్టుకునే లైటు తీసుకోవాలి. పైకి వచ్చాక లైటు తిరిగి ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక ఎవరి బిళ్ళ అయినా మేకుకు వేలాడుతూనే ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అతను పైకి వచ్చేదాకా లాంప్ రూం వాళ్ళు ఆ సంగతి వదలరు. మా లైన్లలో పిల్లలకు అక్షరాల కంటే ముందు వాళ్ళ బాపు బిళ్ళ నంబరు వచ్చేది.

నా దోస్తు ఆ కట్టడిని భూమి కింద ఊరికి కూడా పెట్టింది. బిళ్ళ ఇవ్వకుండా ఎవరూ దిగకూడదు, బిళ్ళ మేకుకు ఉన్నంతసేపు ఆట అయిపోకూడదు. పాత చెక్కపెట్టె పలక ఒకటి తెచ్చాం. దానికి మేకులు ముందే ఉన్నాయి. సోడా మూతలకు బెజ్జాలు కొట్టి, మా బాపుల నంబర్లు గీరి, వాటిని బిళ్ళలు చేశాం. అగ్గిపెట్టెను రిబ్బనుతో నుదుటికి కట్టుకుంటే అది లైటు. ఆమె దిగినప్పుడు నేను లాంప్ రూం బాబును, అంటే బిళ్ళలు చూసే గుమాస్తాను. నేను దిగినప్పుడు ఆమె బాబు. లోపలికి పోగానే కర్రతో పైపు పైభాగాన్ని తట్టి, చెవి పెట్టి విని, "కప్పు మంచిగనే ఉన్నది, నడువుండ్రి" అనేవాళ్ళం. గనిలో బొగ్గు కొట్టేముందు కప్పు కూలుతుందేమోనని అలాగే తట్టి చూస్తారు. చీకటి ఊరిలో వెలుతురు పంచి, కుమ్మరి పిల్లను వెంటబెట్టుకుని పైకి వచ్చేవాళ్ళం. చివరికి నా దోస్తు నోటితోనే షిఫ్టు కూత వేసేది. నిజం సైరన్ కంటే అదే ఎక్కువసేపు మోగేదని లైనులో పిల్లలంతా నవ్వేవారు. కూత వేస్తే ఆట అయిపోయినట్టు. ఎవరూ కింద మిగలలేదన్నట్టు.

ఒక సాయంత్రం ఆమె లోపల ఉంది. నేను పలక పట్టుకుని బయట ఉన్నాను. ఇంట్లో ప్రార్థన కూటం పెట్టిన సంగతి ఆటలో మరిచిపోయాను. మా బాపు వెతుక్కుంటూ వచ్చి, నా రెక్క పట్టి లేపాడు. పుస్తకం గోనెపట్టా కింద ఉండటంతో ఆయనకు కనపడలేదు. చేతిలో పలక జారి పైపు నోట్లోనే అంచుకు ఆని నిలిచింది. ఆమె లోపలి నుంచి, "నన్ను పైకి తియ్యకుంటనే పోతున్నవా?" అని అరిచింది. రేపు తీస్తానని అరిచాను. ఆమె ఆడుతున్నది వాళ్ళ బాపుగా. వాళ్ళ బాపు నంబరు గీరిన మూత ఆ రాత్రంతా మేకుకు వేలాడింది.

మర్నాడు పక్కింటి కాకకు, అంటే నా దోస్తు వాళ్ళ బాపుకు, పొద్దుటి షిఫ్టు. మా బాపుకు రాత్రి షిఫ్టు కనుక ఇంట్లో పడుకుని ఉన్నాడు. మధ్యాహ్నం సైరన్ మోగింది. షిఫ్టు దిగినవాళ్ళు సైకిళ్ళ మీద ఒక్కొక్కరే వచ్చారు. కాక రాలేదు. చిన్నమ్మ మొదట వాకిట్లో నిలబడింది. తర్వాత లైను చివరికి పోయి దారి చూసింది. వచ్చేవాళ్ళను అడిగితే, "చూడలే వదినా, ఎనుక వస్తుండొచ్చు" అన్నారు. అలాంటి మాట మా లైన్లలో ఆడవాళ్ళకు ఎలా వినపడుతుందో బయటివాళ్ళకు చెప్పినా తెలియదు. పొద్దు వాలింది. ఇళ్ళ ముందు బొగ్గుల పొయ్యిలు వెలిగించే వేళయింది. చిన్నమ్మ పొయ్యి వెలిగించలేదు. కాళ్ళు పీకి ఆ సిమెంటు పైపు మీద కూర్చుంది. కూర్చుని కిందికి చూసింది.

ఆమెకు చదువు రాదు. కానీ భర్త బిళ్ళ మీద అంకెలు మాత్రం తెలుసు. అవి మేకుకు వేలాడుతున్నాయి.

ఆమె వేసిన కేక నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. లైను మొత్తం బయటికి వచ్చింది. ఆ పలకను ఎవరూ ముట్టుకోలేదు. దాని చుట్టూ గుండ్రంగా నిలబడ్డారు. ఎవరు మొదట అన్నారో తెలియదు, బాణామతి అన్నారు. ఆ తర్వాత అందరూ అదే మాట అన్నారు. మా దిక్కు చేతబడిని అలా అంటారు. పీకలదాకా భయం ఉన్నప్పుడు మనుషులకు ఒక పేరు కావాలి, ఆ సాయంత్రం వాళ్ళకు నా పేరు దొరికింది. చిన్నమ్మ నేరుగా మా గుమ్మం ముందుకు వచ్చింది.

"మీ కిరస్తాన్ పిల్ల నా మొగని బిళ్ళ గీరి లోపల్నే పెట్టింది. నా కొంప తీసింది. మీ దేవుడు నేర్పింది గిదేనా?"

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడపలోనే ఉండిపోయింది. మా బాపు నిద్ర కళ్ళతో లేచి వచ్చాడు. నేను మంత్రాలు చేయలేదని ఆయన చెబుతాడనుకున్నాను. ఆయనకు ఆ సంగతి తెలియకపోలేదు. కానీ ఆయన నన్ను వెంట ఈడ్చుకుంటూ పైపు దగ్గరికి పోయాడు. గోనెపట్టా తన్ని చూశాడు. పుస్తకం బయటపడింది. ఆయన ముఖం చిన్నమ్మ ముఖంలాగే అయింది. ఎన్నడూ ఏ మాట మీదా కలవని రెండు ఇళ్ళు ఆ ఒక్క సాయంత్రం కలిశాయి. మా ఆట చెడ్డదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

"ప్రాణంతోని ఆటలా?" అన్నాడు బాపు. "చావుతోని పరాచకాలా? గిదా నేను నీకు నేర్పింది?"

పుస్తకాన్ని రెండుగా చింపి మా పొయ్యిలో వేశాడు. బొగ్గు అప్పుడే అంటుకుంటోంది, పొగ ఎక్కువగా ఉంది. భూమి కింద ఊరు, కుండలో వెలుతురు, తలుపు బొమ్మ అన్నీ ఆ పొగలో పోయాయి. పలకను కూడా అందులో వెయ్యాలని పైపు దగ్గరికి తిరిగి వచ్చి వంగాడు. అంతే, ఆడవాళ్ళంతా ఒక్కసారే మీదికి వచ్చారు. పలక కాలిస్తే లోపలున్న మనిషి కాలిపోతాడన్నారు. మా బాపు అది ఒట్టి చెక్కముక్క అన్నాడు. ఒట్టి చెక్కముక్కయితే కాల్చుడెందుకని చిన్నమ్మ అడిగింది. ఒకరు మంత్రగాణ్ణి పిలవాలంటున్నారు, ఇంకొకరు మా సామాను బయట పడెయ్యాలంటున్నారు. మా బాపు గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ ప్రార్థనలో నాకు వినపడింది కోపమే. ఒక మనిషి ఇంటికి రాలేదన్న సంగతి ఆ గోలలో అందరూ మరిచారు.

మరవంది నా దోస్తు ఒక్కతే. ఆమె పైపు నోటికి అడ్డంగా నిలబడి ఏడుస్తూ ఒకే మాట చెబుతోంది. "కూత ఎయ్యలే. ఆట అయిపోలే. నన్ను లోపలికి పోనియ్యుండ్రి, బాపును తీస్తా."

వాళ్ళమ్మ ఆమె చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఇక ఆ కిరస్తాన్ పిల్ల మొహం చూస్తే కాళ్ళు విరగ్గొడతానన్నది. మా బాపు వేళ్ళు నా భుజంలో దిగుతున్నాయి. ఇకనుంచి బడికి కూడా తానే తీసుకుపోతానని, ఆ పిల్లతో మాట కలిపితే తోలు ఒలుస్తానని ఆయనా అన్నాడు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. చూడటం కూడా ఇదే ఆఖరేమో అనుకున్నాను. కాక గురించి భయపడాలని నాకు తెలుసు, భయపడ్డాను కూడా. కానీ దానికంటే ఎక్కువగా నన్ను పట్టుకున్నది ఆ పిల్ల పోతుందన్న దిగులే.

అప్పుడు కాక వచ్చాడు. సైకిలు నడిపించుకుంటూ, మసి మీద చెమట చారలతో, బాగా అలిసిపోయి వచ్చాడు. పైకి వచ్చే దారిలో ఒక టబ్బు పట్టాలు తప్పి అడ్డం పడిందట. దాన్ని ఎత్తి పట్టాల మీద పెట్టేదాకా కొంతమందిని ఆపారట. అంతే సంగతి. చిన్నమ్మ ఆయన మీద పడి ఏడ్చింది, తర్వాత తిట్టింది, తర్వాత పలకను చూపించింది. అందరూ కలిసి ఒకేసారి చెప్పారు. పలకను తొక్కి ముక్కలు చేస్తాడని, మా బాపు గల్లా పట్టుకుంటాడని ఎదురుచూశారు. కొందరి కళ్ళల్లో ఆ ఆశ నాకు కనపడింది. మనిషి బతికి వచ్చాడన్న సంతోషం కంటే, జరగబోయే కొట్లాట మీదే వాళ్ళ మనసు ఉంది.

కాక సైకిలు స్టాండు వేశాడు. పైపు ముందు గొంతు కూర్చున్నాడు. పలకను చూశాడు. గీసిన అంకెల మీద వేలు పెట్టి, బిడ్డను అడిగాడు.

"గిదేంది బిడ్డా?"

ఆమె ఎక్కిళ్ళు పెడుతూ చెప్పింది. భూమి కింద ఊరు, కుమ్మరి పిల్ల, పుస్తకంలో ఆ పిల్లను లోపలే వదిలేశారని, అందుకే బిళ్ళలు పెట్టామని, నిన్న ఆట మధ్యలో ఆగిపోయిందని. "నువ్వు లోపల్నే ఉన్నవు బాపూ," అన్నది.

"గట్లనా," అన్నాడు కాక. "లాంప్ రూంల ఎవలున్నరు?"

ఎవరో నవ్వారు. చిన్నమ్మ, "నీకేమన్న పిచ్చా, తొక్కిపారెయ్యి దాన్ని" అన్నది. కాక ఆమె వైపు చూడలేదు. మా బాపు వైపు చూశాడు.

"అన్నా, పిల్లను జెర ఇడువు. నేనింక లోపల్నే ఉన్ననట. బాబు లేకుంటే నా లైటు ఎవలు తీసుకుంటరు?"

మా బాపు వదలలేదు. కాక మళ్ళీ అడగలేదు. అలాగే చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే గనిలో దిగే మనుషులు. మా బాపు రాత్రికి అదే లాంప్ రూంలో బిళ్ళ ఇచ్చి దిగాలి. ఆయన చెయ్యి వదులైంది. నేను పోయి పలక దగ్గర నిలబడ్డాను.

కాక చుట్టూ తిరిగి పైపు రెండో వైపుకు పోయాడు. మోకాళ్ళ మీద వంగి లోపలికి దూరాడు. పెద్ద మనిషి. భుజాలు రెండు వైపులా రాసుకున్నాయి, చొక్కా చిరిగిన చప్పుడు వినపడింది. లోపల ఒకచోట ఆగాడు. వేలి మెటికతో పైన తట్టాడు. విన్నాడు. "కప్పు మంచిగనే ఉన్నది" అన్న మాట గుండ్రంగా మా దగ్గరికి వచ్చింది. ఆ మాట మేము ఆయనకు చెప్పలేదు. రోజూ నిజంగా అనేవాడు కనుక ఆయనకు తెలుసు. తర్వాత పాకుతూ మా వైపు బయటికి వచ్చాడు. లేవలేదు. మోకాళ్ళ మీదే ఉండి, తల మీద లేని లైటును రెండు చేతులతో విప్పి నాకు ఇచ్చాడు. నేను రెండు చేతులతో తీసుకున్నాను. మేకు నుంచి సోడా మూత తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబులో ఉన్న ఇత్తడి బిళ్ళకు తగిలి టంగుమంది.

"కూత ఎయ్యి బిడ్డా," అన్నాడు.

వాచిన చెంపతో ఆ పిల్ల కూత వేసింది. ఏడుపు వల్ల మధ్యలో రెండుసార్లు తెగింది. తెగినచోట నుంచి మళ్ళీ అందుకుంది. అది ఆగేదాకా లైనులో ఎవరూ కదలలేదు.

కాక మోకాళ్ళు దులుపుకుని లేచి భార్యతో, "ఇగ పైకొచ్చిన. ఆకలైతున్నది, అన్నం పెట్టు" అన్నాడు. పొయ్యే వెలిగించలేదని చిన్నమ్మ అన్నది. మా పొయ్యిలో నిప్పు ఉంది కానీ దాన్ని ఆమె అడగలేదు, మా అమ్మ ఇవ్వలేదు. ఇలాంటి కథల్లో చివరికి అందరూ కలిసిపోతారు. మా లైనులో కలిసిపోలేదు. మర్నాడు చిన్నమ్మ ఆ పైపు మీద పసుపునీళ్ళు చల్లించింది. ఆ సాయంత్రమే మా బాపు సంఘంవాళ్ళను తీసుకుపోయి అదే పైపు చుట్టూ నిలబడి ప్రార్థన చేయించాడు. ఇద్దరూ దాన్ని శుద్ధి చేశామనుకున్నారు. చిన్నమ్మ మమ్మల్ని తిట్టడం మానలేదు. మా బాపు తాను కాల్చిన పుస్తకం గురించి ఒక్క మాట కూడా ఎన్నడూ అనలేదు. నేను క్షమించాను, క్షమించాలని మోకరించి క్షమించాను. అయినా బొగ్గుల పొయ్యి పొగ ఎక్కడైనా ముక్కుకు తగిలితే నాకు మళ్ళీ మొదటి నుంచి క్షమించాల్సి వస్తుంది.

కానీ మా ఆటను ఆపే ధైర్యం ఆ తర్వాత ఎవరికీ రాలేదు. పిల్లల ఆట పిల్లలదని కాక ఇంట్లో గట్టిగా చెప్పాడట. మేము పైపులోకి పోతూనే ఉన్నాం. పుస్తకం లేదు కనుక కథ ఆమె చెప్పేది, నేను వినేదాన్ని. ఆమె చెప్పే కథలో కుమ్మరి పిల్ల చెప్పులు వేసుకుని దిగేది, చీకటి ఊరివాళ్ళకు వెలుతురు ఎలా చేసుకోవాలో నేర్పేది, సాయంత్రానికి వాళ్ళమ్మ దగ్గరికి వచ్చేసేది. నేను ఇక పుస్తకంలో అలా లేదని అనలేదు. కొన్నేళ్ళకు కాకను కొత్తగూడెం దిక్కు గనికి మార్చారు. లారీ ఎక్కేముందు చిన్నమ్మ చూస్తుండగానే ఆ పిల్ల గోడ మీదుగా నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ కలవలేదు.

ప్రభువు మనం ఉన్నచోటికి వంగి దిగివచ్చాడని ఈ వయసుకు నేను విన్న ప్రసంగాలకు లెక్క లేదు. ఎప్పుడు విన్నా నాకు కనపడేది సిమెంటు మీద రాసుకుంటున్న కాక మోకాళ్ళే. ఆయన మా సంఘస్థుడు కాదు. బాప్తిస్మం తీసుకోలేదు. ఈ మాట అంటే మావాళ్ళలో కొందరికి కోపం వస్తుంది. రానీ. గొంతెత్తి దేవుణ్ణి పిలిచినవాళ్ళు ఆ సాయంత్రం పుస్తకాన్ని కాల్చారు, ఏడుస్తున్న పిల్లను పట్టించుకోలేదు. ప్రేమ ఎలా ఉంటుందో చూపించినవాడికి మా పాట ఒక్కటి కూడా రాదు. దేవుడు తన పని ఎవరి చేత చేయించుకుంటాడో మమ్మల్ని అడగడు.

ఇప్పుడు మా సంఘానికి కొత్తగా ఒక యువ దైవసేవకుడు వచ్చాడు. కథల పుస్తకాలు, ఊహల ఆటలు బిడ్డల్లో అబద్ధపు ఆత్మను నింపుతాయని, ఇళ్ళల్లో ఉంటే తీసి పారెయ్యమని తల్లులకు చెబుతున్నాడు. ఆరాధన అయ్యాక అందరి ముందే ఆయనతో గొడవ పెట్టుకున్నాను. ఆడదాన్నని, ముసలిదాన్నని ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. బిడ్డలు మనకంటే ముందే చీకట్లోకి దిగి చూస్తారు నాయనా, పైకి ఎలా రావాలో కూడా వాళ్ళే కట్టడి చేసుకుంటారు, మనం మధ్యలో రెక్క పట్టి లాగకుండా ఉంటే చాలన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ప్రతి ఆదివారం చెబుతాను.

సండే స్కూలు పిల్లలు మందిరం మెట్ల కింద ఆడుకుంటూ ఉంటారు. ఒకరోజు ఓడ, ఒకరోజు దవాఖాన, ఒకరోజు నాకు తెలియని ఏదో లోకం. ప్రార్థనకు గంట కొట్టగానే పెద్దలు వాళ్ళను కసురుకుంటూ లేపబోతారు. నేను ముందు పోయి ఆ మెట్ల కింద, నొప్పి మోకాళ్ళతోనే, చతికిలబడి కూర్చుంటాను. ఆటలో ఎవరెవరు ఎక్కడ ఉన్నారో అడుగుతాను. సముద్రంలో ఉన్నవాణ్ణి ఒడ్డుకు తెమ్మంటాను, రోగిని లేచి నడవమంటాను, దారి తప్పినవాణ్ణి ఇంటికి చేర్చమంటాను. అందరూ వచ్చారని ఆ బిడ్డలు చెప్పేదాకా నేను లేవను. ఆరాధన ఆలస్యమవుతోందని లోపలి నుంచి ఎవరో ఒకరు గొణుగుతూనే ఉంటారు. గొణగనీ. వాళ్ళకు తొందర గానీ, ప్రభువుకు తొందర లేదు.